బ్రాండెడా, అసెంబుల్డా: మా స్టూడియో సిస్టమ్ డైరీ

డిసెంబర్ 29, 2024, ఆదివారం

రేపు అమావాస్య. ఎల్లుండి నుంచి పుష్యమాసం, పెళ్లిళ్లు ఉండవు. జనవరి 30న మాఘం మొదలయ్యేదాకా తమ్ముడికి తెరిపి. స్టూడియోకి కొత్త సిస్టమ్ ఏర్పాటు చేయాలంటే ఈ నెల రోజుల్లోనే చేయాలి. ఈసారి ఆ పని నేను మీద వేసుకున్నాను. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. కంప్యూటర్ విప్పి ర్యామ్ మార్చడం వరకు వచ్చు. మొత్తం సిస్టమ్ ఎప్పుడూ కట్టలేదు.

జనగామలో మా స్టూడియో నాన్న పెట్టింది. ఇప్పుడు పెళ్లి వీడియోలన్నీ తమ్ముడే తీస్తాడు, వాడే ఎడిట్ చేస్తాడు. నాన్న కౌంటర్ దగ్గర కూర్చుని పాస్‌పోర్ట్ ఫోటోలు, ప్రింట్లు, ఆల్బమ్ ఆర్డర్లు చూసుకుంటారు.

ఇప్పుడున్న సిస్టమ్ 2017లో ఒక షాపులో విడి పార్టులతో అసెంబుల్ చేయించింది. ఐ5-7400 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు. ఆ రోజుల్లో మంచి సిస్టమే. కానీ షాపువాళ్లు కేబినెట్‌తో పాటు వచ్చే పేరులేని ఎస్‌ఎంపీఎస్‌నే (పార్టులన్నింటికీ కరెంటు అందించే డబ్బా) వేసి ఇచ్చారు. మేమూ అడగలేదు. 2019 ఎండాకాలంలో ఒక రోజు కరెంటు పోయి వచ్చినప్పుడు అది కాలిపోయింది, పోతూ పోతూ హార్డ్ డిస్క్‌ను కూడా తీసుకుపోయింది. అప్పటికే కెమెరా కార్డులు ఫార్మాట్ చేసేశాం. అందులో ఒక పెళ్లి మొత్తం ఉంది. డబ్బు కట్టి రికవరీ చేయిస్తే చాలావరకు తిరిగి వచ్చింది కానీ అప్పగింతలు రాలేదు. నాన్న వాళ్లింటికి వెళ్లి చెప్పారు. ఆ తల్లి కోప్పడలేదు. "ఒక్క ఫోటో అయినా ఉందా అన్నా" అని అడిగిందట. నాన్న ఆ మాట ఇంట్లో చెప్పిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుకే ఈసారి "బ్రాండెడ్ తీసుకుందామా, అసెంబుల్డ్ చేయించుకుందామా" అన్న ప్రశ్నను ధర దగ్గర మొదలుపెట్టకూడదని అనుకున్నాను. ఏ పని చేయాలి, చెడిపోతే ఎవరు బాగుచేస్తారు. ఈ రెండూ ముందు తేలాలి.

జనవరి 2, 2025

తమ్ముడి పక్కన కూర్చుని వాడు పనిచేస్తుంటే రెండు గంటలు చూశాను. వాడి ఫిర్యాదు ఒక్కటే: "స్లో అక్కా." ఎక్కడ స్లో అన్నది వాడికీ తెలియదు.

డ్రోన్ క్లిప్పులు టైమ్‌లైన్‌లో (ఎడిటింగ్‌లో క్లిప్పులు వరసగా పేర్చే పట్టీ) పర్లేదు, ఆడుతున్నాయి. మెయిన్ కెమెరా క్లిప్పు పెట్టగానే ఆగిపోతోంది. రెండూ 4కేనే. మరి తేడా ఏమిటి? ఫైల్ వివరాలు తీసి చూస్తే తెలిసింది. డ్రోన్‌ది 4:2:0, కెమెరాది 4:2:2.

కెమెరా బొమ్మను దాచేటప్పుడు వెలుతురును ప్రతి పిక్సెల్‌కీ దాస్తుంది, రంగును మాత్రం పొదుపుగా దాస్తుంది. 4:2:0 అంటే నాలుగు పిక్సెళ్లకు ఒక రంగు లెక్క. 4:2:2 అంటే రెండింటికి ఒకటి. గత ఏడాది తమ్ముడు సెకండ్ హ్యాండ్‌లో సోనీ ఏ7 ఫోర్ కొన్నప్పటి నుంచి 10 బిట్ (రంగుల ఛాయలు ఎక్కువ పట్టేది) 4:2:2లోనే తీస్తున్నాడు. ఎందుకంటే మండపంలో ఎర్ర లైటు, పసుపు రాసిన ముఖం, జరీ చీర, వెనకాల ఎల్‌ఈడీ తెర ఒకే ఫ్రేములో పడితే తర్వాత రంగులు సరిచేయడానికి ఆ అదనపు సమాచారం కావాలి. 4:2:0లో చర్మం రంగు సరిచేయబోతే చీర అంచు దగ్గర గళ్లు పడతాయి. వాడు చేస్తున్నది సరైన పనే.

అయితే కుదించి దాచిన ఈ 4:2:2 ఫైళ్లను వేగంగా విప్పే ఏర్పాటు అన్ని చిప్పుల్లో ఉండదు. ఎన్విడియా 30, 40 సిరీస్ గ్రాఫిక్స్ కార్డుల్లో లేదు. ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న గ్రాఫిక్స్‌లో ఉంది, క్విక్ సింక్ అంటారు. అది కూడా హెచ్.265 ఫైళ్లకే. హెచ్.264లో తీసిన 4:2:2కి లేదు. ఇవి రెండూ వీడియోను కుదించే పద్ధతులు.

తమ్ముడు ఇన్నాళ్లూ సోనీ కెమెరాలోని ఎక్స్‌ఏవీసీ ఎస్ అనే సెట్టింగ్‌లో తీస్తున్నాడు, అది హెచ్.264. ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్‌కి మారితే హెచ్.265 అవుతుంది. రాత్రి వాడితో కెమెరాలో ఆ సెట్టింగ్ మార్పించి, ఇంటి ముందు ఐదు నిమిషాలు టెస్ట్ షూట్ తీయించాను. పాత సిస్టమ్‌లో అది ఇంకా ఘోరంగా ఆగింది, అది ఊహించిందే. ఆ క్లిప్పును పెన్ డ్రైవ్‌లో వేసుకున్నాను. ఇక ఏ సిస్టమ్ చూసినా దీనితోనే పరీక్ష.

జనవరి 5, ఆదివారం

హనుమకొండలో ఒక బ్రాండెడ్ షోరూమ్‌కి వెళ్లాం. తమ్ముడి మనసు అటే ఉంది. ఒకే డబ్బా, ఒకే బిల్లు, ఒకే వారంటీ. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఊళ్లో ఉన్నవాళ్లకు అది చిన్న విషయం కాదు.

చూపించిన సిస్టమ్: ఐ7-14700ఎఫ్, 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, ఆర్‌టీఎక్స్ 4060, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 1 టీబీ హార్డ్ డిస్క్, లైసెన్స్ ఉన్న విండోస్ 11. ధర 1,32,000. కౌంటర్ దగ్గరున్న అబ్బాయి మర్యాదగా, ఓపికగా చెప్పాడు. "ఐ7 మేడమ్, ఐ5 కన్నా ఎప్పుడూ ఫాస్టే" అన్నాడు. చాలా పనులకు ఆ మాట నిజం.

కానీ పేరు చివర ఆ "ఎఫ్" ఉంది చూశారా, అది ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌లో లోపలి గ్రాఫిక్స్ పనిచేయదు. అంటే క్విక్ సింక్ లేదు. పెన్ డ్రైవ్‌లోని క్లిప్పు పెట్టించి చూశాం. లక్షా ముప్పై వేల సిస్టమ్ మీద తమ్ముడి క్లిప్పు మధ్యమధ్యలో తడబడింది, పాతదానంత కాదు గానీ తడబడింది. వాడి ముఖం చూశాను. ఆ క్షణం దాకా వాడు నా మాట నమ్మలేదు.

ఇంటికొచ్చాక ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ చదివాను. డెల్, హెచ్‌పీ, లెనోవో లాంటి కంపెనీలు తమ మోడళ్ల మాన్యువల్స్ నెట్‌లో అందరికీ పెడతాయి. బ్రాండెడ్ కొనాలనుకునే వాళ్లు కొనకముందే అది చదవాలని నా గట్టి అభిప్రాయం. షోరూమ్‌లో చెప్పని సంగతులు అందులో బొమ్మలతో సహా ఉంటాయి. మేం చూసినదాంట్లో పెద్ద హార్డ్ డిస్క్‌కి చోటు ఒక్కటే, ర్యామ్ స్లాట్లు రెండే. ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకి వెళ్లే కనెక్టర్ మామూలు 24 పిన్నులది కాదు, కంపెనీ సొంతది. అంటే నాలుగేళ్ల తర్వాత ఎస్‌ఎంపీఎస్ పోతే బజార్లో దొరికేది పట్టదు. ఎస్‌ఎంపీఎస్ వల్లే దెబ్బతిన్న ఇల్లు మాది. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

జనవరి 7

పొద్దున వార్త: లాస్ వేగాస్‌లో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ ప్రకటించింది. వీటిలో 4:2:2 విప్పే ఏర్పాటు ఉందట. తమ్ముడు "ఆగుదామా" అన్నాడు. మొదట వచ్చేవన్నీ ఖరీదైన కార్డులు, మన ధరలోది ఎప్పుడొస్తుందో చెప్పలేదు. మాఘం ఆగదు. ముందుకే వెళ్తున్నాం. కార్డు తర్వాత మార్చుకునే వీలు ఉండాలి, అంతే.

జనవరి 8

కాలేజీ అయ్యాక కూర్చుని, సికింద్రాబాద్‌లోని మూడు షాపుల నుంచి వాట్సాప్‌లో వచ్చిన కొటేషన్లు పక్కపక్కన రాసుకున్నాను. మేం ఎంచుకున్నవీ, వాటికి దొరికిన మంచి ధరలూ ఇవి.

ప్రాసెసర్ ఐ5-14500, 22,800. దీనికే ఎందుకు పట్టుబట్టానంటే, ఐ5-14400లో ఉన్న యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్‌లో వీడియో విప్పే ఇంజిన్ ఒక్కటే. 14500లోని యూహెచ్‌డీ 770లో రెండు. రెండు కెమెరాల క్లిప్పులు ఒకేసారి టైమ్‌లైన్ మీద నడిపే తమ్ముడికి ఈ తేడా అవసరం. ఇంకో సంగతి కూడా ఉంది. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు కొన్ని వోల్టేజీ సమస్యతో పాడవుతున్నాయని 2024లో పెద్ద గొడవ అయింది. ఇంటెల్ సరిదిద్దే అప్‌డేట్లు ఇచ్చింది, ఆ మోడళ్లకు వారంటీ రెండేళ్లు పెంచింది. ఆ జాబితాలో 14500 లేదు.

మదర్‌బోర్డు బీ760, నాలుగు ర్యామ్ స్లాట్లది, 13,200. డీడీఆర్5 ర్యామ్ 16 జీబీవి రెండు, 8,900. ఆర్‌టీఎక్స్ 4060, 27,500. ఇక్కడ కొంచెం తటపటాయించాం. ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ మెమరీ, ధర కూడా తక్కువ. 4060లో 8 జీబీనే. కానీ 3060 లాగే కరెంటు 170 వాట్లు, 4060 లాగేది 115. మా స్టూడియో గదిలో ఏసీ లేదు, యూపీఎస్ చిన్నది. వేడికే భయపడి 4060 వైపు మొగ్గాను.

ఎస్‌ఎస్‌డీ 1 టీబీ 6,400, ప్రాజెక్టుల కోసం 2 టీబీ 11,500. 4 టీబీ హార్డ్ డిస్క్ 9,200. ఎస్‌ఎంపీఎస్ 650 వాట్లు, గోల్డ్ రేటింగ్, 6,800. గాలి ఆడే జాలీ కేబినెట్ 4,600. కూలర్ 2,400. విండోస్ లైసెన్స్ 9,800.

మొత్తం 1,23,100.

విండోస్ లైసెన్స్‌ను లెక్కలో వేయడం ముఖ్యం. అసెంబుల్డ్ చౌక అనేవాళ్లు చాలామంది దొంగ కాపీ వేయించుకుని, దాని ఖరీదు సున్నా అని లెక్కేస్తారు. బ్రాండెడ్‌లో అది కలిసే వస్తుంది. పోల్చేటప్పుడు రెండు వైపులా పెట్టాలి.

అలాగే షోరూమ్ సిస్టమ్‌ను మా పనికి సరిపడేలా చేయాలంటే ఇంకో 16 జీబీ ర్యామ్, 2 టీబీ ఎస్‌ఎస్‌డీ, 4 టీబీ డిస్క్ కలపాలి. దాదాపు 25,300 అవుతుంది, మొత్తం 1,57,300. తేడా 34 వేలు. అయితే అందులోని ఐ7 మా ఐ5 కన్నా ఎలా చూసినా పది వేలు ఎక్కువ ఖరీదు చేస్తుంది. కాబట్టి తేడా అంతా బ్రాండ్ పేరుకే పోతోందనడం న్యాయం కాదు. ఆ పది వేలు మా పనికి ఉపయోగపడని చోట ఖర్చవుతున్నాయి, అదీ అసలు సంగతి.

నాన్న ఇదంతా విని ఒక్కటే అడిగారు. "నువ్వు కాలేజీకి పోతవు, వాడు పెళ్లికి పోతడు. ఆగిపోతే నేనెవరికి ఫోన్ చెయ్యాలె?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. రాత్రంతా ఆలోచించాను. పొద్దున తమ్ముడితో మాట్లాడి తేల్చుకున్నది: ఎడిటింగ్ సిస్టమ్ అసెంబుల్డ్, ఎందుకంటే దాని ముందు కూర్చునేది తమ్ముడు, చెడిపోతే విప్పేది నేను. కౌంటర్ సిస్టమ్ బ్రాండెడ్, నాన్న ఫోన్ చేస్తే మనిషి వచ్చేది. పాతదాన్నే కౌంటర్‌కి మార్చుదామని మొదట అనుకున్నాం. కానీ ఈ ఏడాది అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ ఆగిపోతుంది, ఏడో తరం ప్రాసెసర్‌ను విండోస్ 11 ఒప్పుకోదు. కస్టమర్ల ఆధార్ కాపీలు, ఫోటోలు తిరిగే మిషన్‌ను అప్‌డేట్లు లేకుండా వదలడం నాకు ఇష్టం లేదు.

జనవరి 11, శనివారం

సంక్రాంతి సెలవులు. పొద్దున సికింద్రాబాద్ రైలు సగం ఖాళీ. అందరూ నగరం నుంచి ఊళ్లకు వస్తుంటే మేం ఎదురు వెళ్తున్నాం.

ప్యారడైజ్ దగ్గర పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను అందరూ సీటీసీ అనే అంటారు. కంప్యూటర్ పార్టులంటే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చే చోటు. లోపలికి వెళ్తే అంతస్తుల నిండా చిన్న చిన్న షాపులు, గోడల వెంట కేబినెట్ డబ్బాల దొంతరలు. పండగ ముందు రోజులు కావడంతో జనం తక్కువ. షాపువాళ్లు తీరిగ్గా మాట్లాడారు, అది మాకు కలిసొచ్చింది.

మొదటి షాపులో అడగగానే "14400ఎఫ్ తీసుకోండి మేడమ్, ధర తక్కువ. మీకు గ్రాఫిక్స్ కార్డ్ ఉంది కదా" అన్నారు. గేమ్స్ ఆడేవాళ్లకు అది మంచి సలహానే. మాకు ఎందుకు కుదరదో చెప్తే ఆయన శ్రద్ధగా విన్నారు. తర్వాత లోపలికి వెళ్లి 14500 సీల్డ్ బాక్స్ తెచ్చారు.

అన్నీ ఒకే చోట కొనలేదు. కార్డు, ఎస్‌ఎంపీఎస్ రెండో షాపులో. ఇక్కడ మేం పట్టుబట్టిన పద్ధతి ఒకటుంది: ప్రతి వస్తువు సీరియల్ నంబరు బిల్లు మీద రాయించుకోవడం. అసెంబుల్డ్ సిస్టమ్‌కి ఒకే వారంటీ ఉండదు. మేం కొన్నవాటిలో ప్రాసెసర్, కార్డు మూడేళ్లు. ఎస్‌ఎస్‌డీలు ఐదేళ్లు. ఎస్‌ఎంపీఎస్ ఏడేళ్లు. కూలర్ ఏడాది. ఏది పోతే దాని సర్వీస్ సెంటర్‌కి మనమే మోసుకెళ్లాలి, అప్పుడు బిల్లు మీద నంబరు లేకపోతే వాదన మొదలవుతుంది. ఒక షాపతను "అవసరం లేదు మేడమ్, మేమున్నాం కదా" అన్నాడు. ఉంటారు, కాదనను. అయినా రాయించాను.

"మేమే ఫిట్ చేసిస్తాం, రెండు గంటలు, వెయ్యి రూపాయలు" అన్నారు. మీరు కొంటే చేయించుకోండి, తప్పేమీ లేదు. కానీ రేపు నాన్న ఫోన్ చేస్తే ఏ వైరు ఎక్కడుందో నాకు తెలియాలి. అందుకే డబ్బాలతోనే బయల్దేరాం.

తిరుగు రైలు గురించి రాయకుండా ఉండలేను. పండగకి ఊళ్లకు వెళ్లే జనంతో కాలు పెట్టే చోటు లేదు. తమ్ముడు కేబినెట్ డబ్బాను తల మీద పెట్టుకుని ఎక్కాడు. నేను మదర్‌బోర్డు, ప్రాసెసర్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అంటే ఒక పెద్దావిడ జరిగి చోటిచ్చింది. "ఏందమ్మా అది, అంత భద్రంగా" అని అడిగింది. కంప్యూటర్ అంటే, "మా మనవడు కూడా అదే చదువు" అని భువనగిరి దాకా వాడి కబుర్లు చెప్పింది.

జనవరి 12, ఆదివారం

పొద్దున పదికి మొదలు. డైనింగ్ టేబుల్ మీద దుప్పటి తీసేశాం, స్టాటిక్ భయం. మదర్‌బోర్డును దాని అట్టపెట్టె మీదే పెట్టి పని.

ప్రాసెసర్ పెట్టే సాకెట్‌లో 1700 సన్నటి పిన్నులుంటాయి. ఒక్కటి వంగినా బోర్డు పనికిరాకుండా పోవచ్చు, వారంటీ కూడా రాదు. చెయ్యి వణికింది. మూలనున్న చిన్న త్రిభుజం గుర్తు చూసుకుని, నొక్కకుండా, దాని బరువుతో దాన్నే కూర్చోనిచ్చాను. లీవర్ వేస్తుంటే కిర్రుమంది, గుండె ఆగినంత పనైంది, కానీ అది మామూలేనట. పైనున్న నల్ల ప్లాస్టిక్ మూత ఊడి వచ్చింది. దాన్ని పారేయకండి. బోర్డును ఎప్పుడైనా వారంటీకి పంపితే ఆ మూత పెట్టే పంపమంటారు.

తర్వాత ఎస్‌ఎస్‌డీలు, ర్యామ్, కూలర్. కేబినెట్‌లో బిగించకముందే, బయటే ఎస్‌ఎంపీఎస్ కలిపి, స్క్రూడ్రైవర్ కొనతో పవర్ పిన్నులు రెండూ తాకించి ఆన్ చేశాం. ఫ్యాన్ తిరిగింది. తెర మీద ఏమీ రాలేదు. బోర్డు మూలన నాలుగు చిన్న లైట్లుంటాయి, వాటిలో "డీర్యామ్" అని రాసిన దగ్గర పసుపు రంగు లైటు వెలిగి అలాగే ఉండిపోయింది.

డీడీఆర్5 బోర్డులు మొదటిసారి ర్యామ్‌ను పరీక్షించుకోవడానికి కొంత టైమ్ తీసుకుంటాయని చదివాను, అందుకని ఐదు నిమిషాలు ఆగాం. ఆ ఐదు నిమిషాల టెన్షన్ మాటల్లో చెప్పలేను. తమ్ముడు మాట్లాడటం మానేశాడు. పది నిమిషాలైనా లైటు ఆరలేదు.

కరెంటు తీసేసి మాన్యువల్ మళ్లీ మొదటి నుంచి చదివితే తప్పు దొరికింది. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు స్టిక్కులే పెడితే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. నేను మొదటిది, మూడోది వాడాను. మార్చి పెట్టగానే ఒక నిమిషానికి తెర వెలిగింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి వెళ్లింది.

కేబినెట్‌లో బిగించేటప్పుడు ఒక్క పాఠం: ప్రాసెసర్‌కి వెళ్లే 8 పిన్నుల వైరును బోర్డు పెట్టకముందే వెనక నుంచి లాగి ఉంచుకోవాలి. కూలర్ బిగించాక ఆ మూలలోకి వేళ్లు వెళ్లవు. నేను కూలర్ విప్పి, థర్మల్ పేస్ట్ తుడిచి, కొత్తది వేసి మళ్లీ బిగించాను. గంట పోయింది.

రాత్రి తొమ్మిదికి విండోస్ ఎక్కింది. బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగ్స్) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేసేదాకా ర్యామ్ 4800 దగ్గరే నడుస్తోంది, ఆన్ చేశాక 5600. అలసిపోయి పడుకున్నాం.

జనవరి 13, భోగి

తెల్లవారుజామున భోగి మంట అయ్యాక నేరుగా సిస్టమ్ దగ్గరికి. ప్రీమియర్ ప్రో వేసి, పెన్ డ్రైవ్‌లోని క్లిప్పు టైమ్‌లైన్ మీద పెట్టాం.

ఆగింది.

షోరూమ్‌లో ఎలా ఆగిందో అలాగే. తమ్ముడు ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది. ఇంత దూరం వాణ్ని నేనే తీసుకొచ్చాను.

టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. గ్రాఫిక్స్ దగ్గర ఎన్విడియా ఒక్కటే కనిపిస్తోంది. ఇంటెల్ గ్రాఫిక్స్ జాడ లేదు. ప్రాసెసర్ డబ్బా మళ్లీ చూశాను, 14500, ఎఫ్ లేదు. నిన్న బయట పెట్టి ఆన్ చేసినప్పుడు తెర వెలిగింది కూడా దాని గ్రాఫిక్స్ మీదే. అంటే చిప్పులో ఉంది, ఎవరో ఆపేశారు. ఆపింది మదర్‌బోర్డే. విడిగా కార్డు పెట్టగానే, ఇక లోపలి గ్రాఫిక్స్ అక్కర్లేదనుకుని దాన్ని నిద్రపుచ్చింది. బయోస్‌లో "ఐజీపీయూ మల్టీ మానిటర్" అనే చోట డిసేబుల్డ్ అని ఉంది. ఎనేబుల్డ్ చేసి, ఇంటెల్ డ్రైవర్ వేసి, ప్రీమియర్ సెట్టింగ్స్‌లో మీడియా కింద హార్డ్‌వేర్ డీకోడింగ్ దగ్గర ఇంటెల్‌కి టిక్ పెట్టి, మళ్లీ తెరిచాం.

క్లిప్పు నీళ్లలా పారింది. ఇంకో కెమెరా క్లిప్పు పైన పెట్టాం. అదీ పారింది. టాస్క్ మేనేజర్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ దగ్గర వీడియో డీకోడ్ గీత పైకి లేచింది. తమ్ముడు ముందుకీ వెనక్కీ జరిపి జరిపి చూస్తూనే ఉన్నాడు. "అక్కా, ప్రాక్సీలు చేసుకోవక్కర్లేదు ఇక" అన్నాడు. ప్రాక్సీలంటే ఎడిటింగ్ తేలికవడానికి చేసుకునే చిన్న కాపీలు. ఒక్కో పెళ్లికి ప్రాక్సీలు చేయడానికే వాడికి ఒక రాత్రి పోయేది.

సరైన ప్రాసెసర్ కొని, ఈ ఒక్క సెట్టింగ్ తెలియక, పనిచేయట్లేదని వదిలేసినవాళ్లు ఎందరో ఉంటారు. ఈ డైరీలో ఒక్క పేజీ చదివే టైమ్ ఉంటే ఈ పేజీ చదవండి.

పాత హెచ్.264 క్లిప్పులు మాత్రం ఇంకా కొంచెం బరువుగానే నడుస్తున్నాయి. వాటికి ఈ సాయం అందదు, ప్రాసెసర్ కోర్లే కష్టపడాలి. వచ్చే పెళ్లిళ్లన్నీ హెచ్‌ఎస్‌లోనే తీస్తాడు కాబట్టి పర్వాలేదు.

జనవరి 18

కౌంటర్ సిస్టమ్ వచ్చింది. బ్రాండెడ్, ఐ3-12100, 8 జీబీ, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11, ఇంటికొచ్చి బాగుచేసే వారంటీ మూడేళ్లు. 38,500. డబ్బా విప్పి ప్రింటర్ కలిపేదాకా ముప్పావు గంట. నాన్న సర్వీస్ ఫోన్ నంబరు, సిస్టమ్ ట్యాగ్ నంబరు పెద్ద అక్షరాలతో రాసి గోడకి అతికించారు.

జనవరి 25

కరెంటు పరీక్షలు. ప్లగ్ దగ్గర వాట్ మీటర్ పెడితే ఎడిటింగ్ సిస్టమ్ ఖాళీగా ఉన్నప్పుడు 58 వాట్లు, ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ అయిన వీడియోను ఫైలుగా తీయడం) చేస్తుంటే 255. రెండు మానిటర్లు ఇంకో 50. పాత 600 వీఏ యూపీఎస్ 360 వాట్ల దాకా మోయాలి. అయినా ఎక్స్‌పోర్ట్ మధ్యలో మెయిన్ ఆపి చూస్తే అది కూతపెట్టి ఆగిపోయింది. 1100 వీఏది 4,900 పెట్టి కొన్నాం, తొమ్మిది నిమిషాలు నిలబడింది. పని సేవ్ చేసి ఆపుకోవడానికి చాలు.

అదే ఇరవై నిమిషాల వీడియో ఎక్స్‌పోర్ట్: పాతదాంట్లో 2 గంటల 40 నిమిషాలు, కొత్తదాంట్లో 19 నిమిషాలు.

కాపీల లెక్క కూడా వేశాం. సెకనుకు 100 మెగాబిట్ల రికార్డింగ్ అంటే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు చెరో ఐదు గంటలు తీస్తే 450 జీబీ. 2 టీబీ ఎస్‌ఎస్‌డీలో నాలుగు పెళ్లిళ్లు పడతాయి. రెండో కాపీ హార్డ్ డిస్క్‌లోకి. మూడోది బయటి డిస్క్‌లోకి, దాన్ని ఇంట్లో బీరువాలో పెట్టాలి, స్టూడియోలో కాదు. రెండు చోట్ల కాపీ అయ్యి, తెరిచి చూసేదాకా కెమెరా కార్డు ఫార్మాట్ చేయకూడదని తమ్ముడు, నేను మాట అనుకున్నాం.

ఫిబ్రవరి 7

మాఘంలో మొదటి పెళ్లి. తమ్ముడు రాత్రి రెండున్నరకు వచ్చాడు. నేను లేచే ఉన్నాను. అన్నం పెట్టమంటావా అంటే చెయ్యి చూపించి ఆగమన్నాడు. కార్డులు పెట్టి, కాపీ మొదలుపెట్టి, ఒక డిస్క్, తర్వాత ఇంకో డిస్క్. అప్పగింతల క్లిప్పు రెండు చోట్లా తెరిచి చివరిదాకా చూశాడు. అప్పుడు లేచి కాళ్లు కడుక్కున్నాడు.

మే 4

బయట 42, స్టూడియోలో 38 డిగ్రీలు. జనవరిలో ఎక్స్‌పోర్ట్ చేస్తుంటే 71 దాటని ప్రాసెసర్ ఇప్పుడు 86కి వెళ్తోంది. చెడిపోయేంత వేడి కాదు, అయినా ఎండాకాలమంతా ఇలా నడపడం నాకు నచ్చలేదు. బయోస్‌లో ప్రాసెసర్ గరిష్ఠ కరెంటును 95 వాట్లకు తగ్గించాను. వేడి 75కి దిగింది, ఎక్స్‌పోర్ట్ ఒకటిన్నర నిమిషం పెరిగింది. తమ్ముడికి తేడా తెలియనే లేదు. ముందు జాలీ తీసి చూస్తే దుమ్ము దట్టంగా పేరుకుంది, నెలకోసారి కడగాలి.

కౌంటర్ సిస్టమ్‌లో మార్చిలో ముందువైపు యూఎస్‌బీలు పనిచేయడం మానేశాయి. నాన్న గోడ మీది నంబరుకి తనే ఫోన్ చేశారు. మూడో రోజు హనుమకొండ నుంచి మనిషి వచ్చి బోర్డు మార్చి వెళ్లాడు. నేను కాలేజీ నుంచి వచ్చి అడిగితేనే ఆ సంగతి తెలిసింది.